ఒకే సీడీ.. రెండు రిపోర్టులు!

మధ్యాహ్నం లంచ్ బాక్స్ మూత తీశానో లేదో, ఫోన్ రెండుసార్లు టింగుమంది. మా ఇంటి వాట్సాప్ గ్రూపులో రెండు పీడీఎఫ్‌లు. రెండూ నాన్నవే. రెండూ ఒకే సీటీ స్కాన్‌వి. మొదటిది ఖమ్మంలో స్కాన్ తీసినచోట ఇచ్చిన రిపోర్టు. రెండోది అదే సీడీని హైదరాబాద్‌లో ఇంకో రేడియాలజిస్టు చూసి రాసింది.

మొదటి దాని సారాంశం ఇదీ: కుడి ఊపిరితిత్తి పైభాగంలో 9 మిల్లీమీటర్ల నాడ్యూల్ ఉంది. క్యాన్సర్ కాదని చెప్పలేం. బయాప్సీ గురించి ఆలోచించండి.

రెండోది: అదే చోట 7 మిల్లీమీటర్ల నాడ్యూల్. పాత ఇన్ఫెక్షన్ తాలూకు మచ్చ అయ్యుండొచ్చు. ఆర్నెల్ల తర్వాత మళ్లీ సీటీ తీసి పోల్చి చూడండి.

నాడ్యూల్ అంటే చిన్న బొడిపె. శనగగింజంత. దాని గురించి ఇద్దరు డాక్టర్లు రెండు రకాలుగా రాశారు. ఒకరి మాట వింటే నాన్న ఛాతీలోకి సూది దించాలి. ఇంకొకరి మాట వింటే ఆర్నెల్లు ఆగాలి.

అమ్మ ఫోన్ చేసి ఒకటే మాట అడిగింది. ‘‘ఇద్దరిలో ఎవరికి చదవడం రాదంటావ్ రా?’’

నా దగ్గర జవాబు లేదు. అన్నం బాక్సులోనే చల్లారిపోయింది.

ముగ్గురం.. మూడు నమ్మకాలు

నాన్న లారీ డ్రైవర్. వయసు 58. పాతికేళ్లు బీడీలు తాగి, ఎనిమిదేళ్ల కిందట మానేశాడు. నెలరోజులు దగ్గు తగ్గకపోతే ఎక్స్‌రే తీశారు. అందులో ఏదో నీడ కనిపించి సీటీకి పంపారు. అక్కణ్నుంచి ఈ కథ మొదలైంది.

ఆ రాత్రి ఇంట్లో ఎవరి నమ్మకం వాళ్లది. అమ్మ మొదటి రిపోర్టునే నమ్మింది. బీడీలు తాగినవాడికి ఇంకేం వస్తుందని ఆమె భయం. నేను రెండోదాన్ని నమ్మాను. ఎందుకంటే అది నాకు నచ్చింది, అంతే! నాన్న రెండింటినీ నమ్మలేదు. ‘‘ఇంజన్‌లో శబ్దం వస్తే ఒక మెకానిక్ గేర్‌బాక్స్ అంటాడు, ఇంకొకడు బేరింగ్ అంటాడు. విప్పితేగానీ తెలవదు’’ అని పడుకున్నాడు.

విప్పితేగానీ తెలియదన్న మాట నన్ను రాత్రంతా నిద్రపోనివ్వలేదు. విప్పాల్సింది ఇంజన్‌ని కాదు కదా.

మా ఆఫీసులో జరిగేదీ ఇదే!

నా ఉద్యోగం గురించి ఓ మాట చెప్పాలి. నేను డేటా లేబులింగ్ చేస్తాను. రోడ్ల ఫొటోలు వస్తాయి. వాటిలో కారు చుట్టూ ఓ డబ్బా, ఆటో చుట్టూ ఓ డబ్బా, మనిషి చుట్టూ ఓ డబ్బా గీసి పేరు పెట్టాలి. ఆ ఫొటోలతోనే కంప్యూటర్‌కి రోడ్డుని గుర్తుపట్టడం నేర్పిస్తారు.

చాలా ఈజీ అనిపిస్తుంది కదా? ఆగిపోయిన బైక్‌ని నెట్టుకుంటూ వెళ్తున్న మనిషి ఉన్నాడనుకోండి. అతను పాదచారా, బైకరా? తోపుడుబండి వాహనమేనా? బస్సు వెనక నుంచి చెయ్యి మాత్రమే కనిపిస్తే దాన్ని మనిషిగా లెక్కేయాలా? నేను ‘పాదచారి’ అని పెడితే నా పక్క సీటు అమ్మాయి ‘బైకర్’ అని పెడుతుంది. ఇద్దరికీ కళ్లు బాగానే ఉన్నాయి. ఇద్దరం ఒకే ట్రైనింగ్ అయ్యాం.

అందుకే మా దగ్గర కొన్ని ఫొటోల్ని ఒకరికి తెలియకుండా ఒకరికి ఇస్తారు. జవాబులు ఎంతవరకు కలిశాయో లెక్కేస్తారు. కలవకపోతే వెంటనే మమ్మల్ని తిట్టరు. ముందు రూల్సు పుస్తకం తెరుస్తారు. ‘బండి దిగి నెట్టేవాడు పాదచారి’ అని ఓ లైను కొత్తగా చేరుస్తారు. మర్నాటినుంచి గొడవ ఉండదు.

రోజూ నేను చేసే పనే ఇది. కానీ డాక్టర్లకి కూడా ఇలా జరుగుతుందని ఎప్పుడూ అనుకోలేదు. స్కాన్ అంటే మెషీన్ తీసేది, మెషీన్ అబద్ధం చెప్పదు అనుకున్నాను. మెషీన్ తీసిన బొమ్మని చదివేది మనిషేనన్న సంగతి తట్టనే లేదు.

80 ఏళ్ల కిందటే తెలిసిన రహస్యం

మా పెద్దనాన్న కూతురు రేడియాలజీలో పీజీ చేస్తోంది. తెల్లారగానే అక్కకి రెండు పీడీఎఫ్‌లూ పంపి, ‘‘వీళ్లలో ఎవరిది తప్పు?’’ అని మెసేజ్ పెట్టాను. నైట్ డ్యూటీ దిగి ఫోన్ చేసింది.

‘‘ఎవరిదీ తప్పు కాకపోవచ్చు తమ్ముడూ’’ అంది. ‘‘ఇది మా ఫీల్డులో చాలా పాత సమస్య. మాకు మొదట్లోనే చెప్తారు.’’

అక్క చెప్పిన కథ ఇదీ. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక అమెరికాలో టీబీ కోసం జనానికి పెద్దఎత్తున ఛాతీ ఎక్స్‌రేలు తీసేవారు. ఏ సైజు ఫిల్ము మంచిది? పెద్దదా, చిన్నదా? ఈ ప్రశ్న తేల్చడానికి ఒక పరీక్ష పెట్టారు. వెయ్యిమందికి పైగా మనుషులకి నాలుగు పద్ధతుల్లో ఎక్స్‌రేలు తీసి, అనుభవమున్న అయిదుగురు నిపుణులకి విడివిడిగా చూపించారు. ఫలితాలు 1947లో అచ్చయ్యాయి.

పోటీ ఫిల్ముల మధ్య అనుకున్నారు. తీరాచూస్తే తేడా మనుషుల మధ్య కనిపించింది. ఫిల్ముకీ ఫిల్ముకీ ఉన్న తేడా కన్నా, చదివేవాళ్లకీ చదివేవాళ్లకీ ఉన్న తేడానే ఎక్కువ! ఇంకా విచిత్రం ఏంటంటే, కొన్నాళ్లాగి అవే ఫిల్ముల్ని మళ్లీ చూపిస్తే, కొన్నింటి విషయంలో ఎవరి మాటని వాళ్లే మార్చేశారు. ఆ తర్వాత 1949లో హెన్రీ గార్లాండ్ అనే రేడియాలజిస్టు ఈ సంగతులన్నీ వివరంగా రాశారు. జబ్బు గుర్తులున్న ఫిల్ముల్లో దాదాపు 30 శాతాన్ని నిపుణులు దాటిపోతున్నారన్నది ఆయన లెక్క. తోటి డాక్టర్లకి అది అంత తేలిగ్గా మింగుడుపడే మాట కాదు.

‘‘అది పాతకాలం కదక్కా’’ అన్నాను.

‘‘1994 సంగతి చెప్పనా?’’ అంది. ఆ ఏడాది అమెరికాలో పదిమంది రేడియాలజిస్టులకి 150 మంది మహిళల మామోగ్రాములు ఇచ్చారు. క్యాన్సర్ లేదని ముందే తేలినవాళ్లలో ఎంతమందికి ‘వెంటనే ఇంకా పరీక్షలు చేయాలి’ అని రాశారో చూశారు. ఒక డాక్టరు 11 శాతం మందికి రాస్తే, ఇంకొకరు ఏకంగా 65 శాతం మందికి రాశారు. బొమ్మలు అవే!

తేడా ఎక్కడొస్తుంది?

మూడు చోట్ల అని చెప్పింది అక్క.

మొదటిది చూడటం. 2013లో ఓ ప్రయోగం చేశారు. ఊపిరితిత్తుల సీటీలో నాడ్యూల్స్ వెతకమని 24 మంది రేడియాలజిస్టులకి ఇచ్చారు. అందులో ఒకచోట గొరిల్లా బొమ్మ పెట్టారు. మామూలు నాడ్యూల్ కన్నా అది 48 రెట్లు పెద్దది. 24 మందిలో 20 మంది దాన్ని గమనించనేలేదు. చూపు ఎటు పోతోందో కనిపెట్టే పరికరంతో చూస్తే, వాళ్లలో చాలామంది కళ్లు సరిగ్గా గొరిల్లా మీదే ఆగాయి. కన్ను చూసింది, మనసు పట్టించుకోలేదు. ఎందుకంటే వాళ్లు వెతుకుతున్నది నాడ్యూల్స్‌ని, గొరిల్లాని కాదు. పెళ్లి ఆల్బమ్‌లో మన ముఖం కోసమే వెతుకుతూ పక్కనున్నవాళ్లని చూడం కదా, అలాగన్నమాట.

రెండోది కొలవడం. నాడ్యూల్ అంచులు గోలీలా నున్నగా ఉండవు. ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో చెప్పడం కష్టం. మౌస్ కాస్త అటూఇటూ జరిగితే మిల్లీమీటరు తేడా వస్తుంది.

మూడోది పేరు పెట్టడం. అదే మచ్చని ఒకరు ‘బహుశా పాత ఇన్ఫెక్షన్’ అంటారు, ఇంకొకరు ‘క్యాన్సర్ కాదని చెప్పలేం’ అంటారు. జాగ్రత్తగా చూస్తే ఈ రెండు వాక్యాలూ ఒకదాన్నొకటి కాదనవు. కానీ ఇంట్లో చదివేవాళ్లకి ఒకటి చల్లటి కబురు, ఇంకొకటి పిడుగు.

90 శాతం అంటే మంచి మార్కులేనా?

ఇక్కడ చిన్న లెక్క. భయపడకండి, ఇంటర్ లెక్కంత కూడా ఉండదు.

వంద ఎక్స్‌రేలు ఉన్నాయి. ఇద్దరు డాక్టర్లు విడివిడిగా చూశారు. 85 ఫిల్ములు నార్మల్ అని ఇద్దరూ అన్నారు. 5 ఫిల్ముల్లో జబ్బుందని ఇద్దరూ అన్నారు. ఇంకో 5 మొదటి డాక్టరుకి మాత్రమే అనుమానంగా అనిపించాయి. మరో 5 రెండో డాక్టరుకి మాత్రమే. అంటే వందలో 90 కలిశాయి. అదిరింది కదా?

ఇప్పుడు ఇంకోలా చూడండి. ఇద్దరిలో ఎవరో ఒకరు అనుమానించిన ఫిల్ములు 15. వాటిలో ఇద్దరూ ఒప్పుకొన్నవి అయిదే! ఎక్కువమందికి జబ్బు ఉండదు కాబట్టి, ఇద్దరూ కళ్లు మూసుకుని పదింట తొమ్మిదిసార్లు ‘నార్మల్’ అంటూపోయినా వందలో 82 కలుస్తాయి. అది నైపుణ్యం కాదు, గాలివాటం.

ఆ గాలివాటాన్ని తీసేసి అసలు పొత్తు ఎంతో చెప్పే కొలతని 1960లో జాకబ్ కోహెన్ అనే అమెరికన్ సైకాలజిస్టు ఇచ్చారు. దాని పేరు కప్పా. పూర్తిగా కలిస్తే 1, గాలివాటంగా కలిసినంతే అయితే సున్నా. మన ఉదాహరణలో గాలివాటం కాకుండా కలవడానికి మిగిలినవి 18. వాటిలో కలిసినవి 8. ఎనిమిదిని పద్దెనిమిదితో భాగిస్తే 0.44. 90 శాతం అనుకున్నది కాస్తా ‘ఓ మోస్తరు’ కింద తేలింది.

అక్క ఈ పేరు చెప్పగానే నవ్వొచ్చింది. మా ఆఫీసులో ప్రతి శుక్రవారం నా పేరు పక్కన వచ్చే నంబరు అదే! ఆటోలకీ బైకులకీ వేసే కొలతతోనే డాక్టర్లనీ కొలుస్తున్నారన్నమాట.

మరి మందేంటి?

మందు కూడా మా ఆఫీసు మందులాంటిదే. మనిషిని మార్చడం కన్నా ముందు పద్ధతిని సరిచేయడం.

గనుల్లో, క్వారీల్లో పనిచేసేవాళ్ల ఊపిరితిత్తుల్లో దుమ్ము పేరుకుని జబ్బు చేస్తుంది. నష్టపరిహారం రావాలంటే ఎక్స్‌రే చదవాలి. ఒకరు ‘ఉంది’, ఒకరు ‘లేదు’ అంటే కార్మికుడి బతుకు గాల్లో తేలుతుంది. అందుకే అంతర్జాతీయ కార్మిక సంస్థ నమూనా ఎక్స్‌రేల సెట్టు తయారుచేసింది. చదివే డాక్టరు కార్మికుడి ఎక్స్‌రేని ఆ నమూనాల పక్కన పెట్టి ‘ఇది దేనికి దగ్గరగా ఉంది?’ అని చూసి మార్కు వేయాలి. రొమ్ము స్కాన్ల కోసం అమెరికా రేడియాలజిస్టుల సంఘం 1993లో బైరాడ్స్ అనే పద్ధతి తెచ్చింది. ‘అనుమానంగా ఉంది’, ‘కాస్త తేడాగా ఉంది’ లాంటి తలా ఓ మాట కాకుండా, 0 నుంచి 6 వరకు అంకెలు. ఏ అంకెకి తర్వాత ఏం చేయాలో కూడా రాసి ఉంటుంది.

ఇంకో దారి, ఇద్దరితో చదివించడం. బ్రిటన్‌లో ప్రభుత్వ రొమ్ము క్యాన్సర్ స్క్రీనింగ్‌లో ప్రతి మామోగ్రామ్‌నీ ఇద్దరు చూస్తారు. ఇద్దరి మాటా కలవకపోతే మూడో నిపుణుడో, అందరూ కూర్చునో తేలుస్తారు. మన ఇంటర్ పేపర్ రీ-వెరిఫికేషన్ లాంటిదే. కాకపోతే ఇక్కడ విద్యార్థి అప్లై చేయక్కర్లేదు, ఫీజు కట్టక్కర్లేదు.

‘ఇదంతా ఎందుకు, ఏఐకి ఇచ్చేస్తే పోలా?’ అని మీకు అనిపించొచ్చు. నాకూ అనిపించింది. 2016లో గూగుల్ పరిశోధకులు షుగర్ వల్ల కంటి రెటీనాకి వచ్చే జబ్బుని గుర్తుపట్టే ప్రోగ్రామ్‌ని ప్రకటించారు. దానికి నేర్పించడానికి 1,28,000 పైచిలుకు కంటి ఫొటోలు వాడారు. వాటిలో మన దేశంలోని అరవింద్, శంకర నేత్రాలయ లాంటి ఆసుపత్రుల ఫొటోలు కూడా ఉన్నాయి. ఒక్కో ఫొటోకి ఒక్క డాక్టరు జవాబు సరిపోలేదు. 54 మంది డాక్టర్లని పెట్టి, ఒక్కో ఫొటోని మూడు నుంచి ఏడుసార్లు చదివించారు. పరీక్ష పెట్టేటప్పుడు మెజారిటీ అభిప్రాయాన్నే సరైన జవాబుగా తీసుకున్నారు. అంటే మెషీన్‌కి తెలిసిన ‘నిజం’ కూడా డాక్టర్ల ఓటింగే!

అలాగని ఏఐ పనికిరాదని కాదు. స్వీడన్‌లో 80 వేలమంది మహిళలతో చేసిన పరీక్ష తొలి ఫలితాలు 2023లో వచ్చాయి. ఏఐ సాయం తీసుకున్నప్పుడు క్యాన్సర్లు పట్టుకోవడంలో ఏమాత్రం వెనకబడకుండానే డాక్టర్లు చదివే పని 44 శాతం తగ్గింది. మెషీన్ అలిసిపోదు. అదే ఫొటోని మళ్లీ ఇస్తే మాట మార్చదు. కానీ నేర్పినవాళ్లు తప్పు నేర్పితే, ఆ తప్పుని కూడా మార్చదు.

9 ఎలా 7 అయింది?

ఇక మా ఇంటి సంగతికొస్తాను. అక్క సీడీలోని ఫైళ్లు తెప్పించుకుని, వాళ్ల మేడమ్‌కి చూపించింది. అయిదు నిమిషాల్లో ముడి విడిపోయింది.

నాన్న నాడ్యూల్ గుండ్రంగా లేదు. చింతగింజలా ఓ పక్కకి సాగింది. పొడవు 9, వెడల్పు 5. మొదటి డాక్టరు పొడవు మాత్రమే రాశారు. రెండో డాక్టరు రెండూ కలిపి సగటు తీశారు. 9, 5 కలిపి సగం చేస్తే 7! ఇద్దరూ ఒకే బొడిపెని చూశారు, దాదాపు ఒకేలా కొలిచారు. రాసిన పద్ధతే వేరు.

ఈ రెండు అంకెల తేడాకి అంత విలువ ఎందుకంటే, ఇలా అనుకోకుండా బయటపడ్డ నాడ్యూల్స్‌కి డాక్టర్లు చాలాచోట్ల పాటించే 2017 నాటి ఫ్లైష్‌నర్ సొసైటీ మార్గదర్శకాల్లో 8 మిల్లీమీటర్లు ఓ గీత. ఒకే ఒక్క గట్టి నాడ్యూల్ ఉండి, అది 6 నుంచి 8 మధ్యలో ఉంటే 6 నుంచి 12 నెలల్లో మళ్లీ సీటీ. 8 దాటితే మూడు నెలల్లో సీటీ, లేదా పెట్ స్కాన్, లేదా బయాప్సీ. అదే మార్గదర్శకాల్లో పొడవూ వెడల్పూ సగటు తీయమని కూడా ఉంది.

‘‘పాత స్కాన్ ఏమైనా ఉందా?’’ అని అడిగారట మేడమ్. ‘‘ఇదివరకు కూడా ఇంతే ఉంటే చాలా ధైర్యంగా చెప్పొచ్చు.’’

అప్పుడు గుర్తొచ్చింది. 2017లో నాన్నకి యాక్సిడెంట్ అయినప్పుడు ఛాతీ సీటీ తీశారు. ఆ ఫిల్ములు చాలా ఏళ్లు బీరువా మీద ఉండేవి. 2019 డిసెంబర్ 26న సూర్యగ్రహణం. నేను ఇంటర్. గ్రహణం చూడాలని ఆ ఫిల్ముల్ని కత్తెరతో ముక్కలు చేసి వాడకట్టు పిల్లలందరికీ పంచిందెవరో తెలుసా? నేనే. ఎక్స్‌రే ఫిల్ములోంచి గ్రహణం చూడటం కళ్లకి ప్రమాదమని ఆ తర్వాతెప్పుడో తెలిసింది. నాన్న ఊపిరితిత్తుల చరిత్రని కత్తిరించానని మాత్రం ఇప్పుడే తెలిసింది. అప్పటి ఆసుపత్రిలో అడిగితే అంత పాతవి లేవన్నారు. ఇన్‌పేషెంట్ రికార్డుల్ని మూడేళ్లు ఉంచాలన్నదే మన దేశంలో రూలు. వాళ్లని ఏమనగలం?

చివరికి ఊపిరితిత్తుల డాక్టరు రెండు రిపోర్టులూ పక్కపక్కన పెట్టుకుని మాట్లాడారు. సగటు 7 కాబట్టి బయాప్సీకి తొందరేం లేదు, సూది గుచ్చితే ఊపిరితిత్తిలోంచి గాలి లీకయ్యే ప్రమాదం కూడా ఉంటుంది. కానీ నాన్న పాతికేళ్లు బీడీలు తాగాడు కాబట్టి ఆర్నెల్లు కాకుండా మూడు నెలలకే ఓసారి చూద్దాం అన్నారు. నాకు నచ్చిన రిపోర్టూ పూర్తిగా గెలవలేదు, అమ్మ భయమూ గెలవలేదు.

మీరేం చేయాలి?

మా మూడు నెలల అనుభవంతో నాలుగు మాటలు.

ఫిల్ముతో సరిపెట్టుకోకుండా సీడీ గానీ, ఫైళ్లు గానీ అడిగి తీసుకోండి. వాట్సాప్‌లో పంపే ఫిల్ము ఫొటో మీద ఎవరూ సరిగ్గా కొలవలేరు. మెడికల్ రికార్డుల కోసం పేషెంటు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని 2002 నిబంధనల్లోనే ఉంది.

పాత స్కాన్లు పారేయకండి. కొత్త స్కాన్‌కి వెళ్లేటప్పుడు వెంట తీసుకెళ్లండి. రెండో అభిప్రాయం కన్నా కొన్నిసార్లు పాత బొమ్మే ఎక్కువ చెప్తుంది.

రెండు రిపోర్టులు తేడాగా వస్తే మూడో చోటికి, నాలుగో చోటికి పరుగెత్తి నచ్చిన జవాబు దొరికేదాకా తిరగకండి. రెండింటినీ మీకు వైద్యం చేసే డాక్టరు ముందు పెట్టండి. ‘ఎవరు కరెక్ట్?’ అని కాకుండా ‘తేడా ఎక్కడొచ్చింది? చూడటంలోనా, కొలవడంలోనా, పేరు పెట్టడంలోనా?’ అని అడగండి.

స్కాన్‌కి పంపేటప్పుడు పేషెంటు సంగతులన్నీ చెప్పండి. బీడీలు, పాత టీబీ, చేసిన పని.. ఇవేవీ తెలియకుండా చదివేవాళ్లకి బొమ్మ సగమే కనిపిస్తుంది.

మొన్న మూడు నెలల సీటీ అయింది. ఈసారి పాత సీడీ పక్కన పెట్టి, ఒకే డాక్టరుతో రెండూ కొలిపించాం. 9, 5. అంతే ఉంది, పెరగలేదు.

‘‘అంటే ఏం లేనట్టేనా?’’ అడిగాడు నాన్న.

‘‘పెరగలేదు నాన్నా. ఏడాదికి మళ్లీ ఓసారి చూడాలన్నారు.’’

‘‘ఏముంది, ఫిట్‌నెస్ సర్టిఫికెట్టేగా. లారీకి చేయిస్తలేమా’’ అని నవ్వాడు.

అమ్మ మాత్రం ఏమీ అనలేదు. రెండు సీడీలనీ ఓ కవర్లో పెట్టి, బీరువాలో పట్టుచీరల కింద, బంగారం రశీదుల పక్కన దాచింది. తాళం వేసి, తాళంచెవి కొంగుకి ముడేసుకుంటూ నావైపు చూసింది.

‘‘ఈసారి ఏ గ్రహణం వచ్చినా సరే, దీని జోలికి రాకు.’’